సెల్ఫు తిరుగును గాని ఇంజను నడవదు

సేద్యమునకు అదను ప్రాణము. తొలకరి జల్లులు పడి నేల పదునైన నాలుగు దినములలో దుక్కి సాగవలెను. కాలువకు నీరు వదలిన పిమ్మట మడిలో దమ్ము నడువవలెను. కోసిన పంట మబ్బు కమ్ముటకు ముందే కళ్లము చేరవలెను. ఈ మూడు పనులును నేడు మన పల్లెలలో చాలవరకు ట్రాక్టరు మీదనే ఆధారపడి యున్నవి. ఒకరి యెడ్లజత జబ్బుపడినచో పొరుగువారి జతను బదులు తెచ్చుకొను కాలము గడచిపోయినది. కాబట్టి అదనునాటి యుదయమున రైతు ట్రాక్టరెక్కి తాళము త్రిప్పగా, సెల్ఫు గిరగిర తిరుగుచు ఇంజను మాత్రము నడవకుండుట యంత్రమునకు వచ్చిన చిక్కు మాత్రమే కాదు. అది పంటకు వచ్చిన చిక్కు.

ఈ చిక్కును ట్రాక్టరు గలవాని సొంత గొడవగ భావించుట మనకు పరిపాటి. కాని గ్రామములలో ట్రాక్టరు కొన్నవారు కొందరే. దానిని గంటల లెక్కన బాడుగకు పిలిచి దున్నించుకొను చిన్నరైతులును, కౌలుదార్లును పెక్కుమంది. బండి మూడు దినములు కొట్టమునందు నిలిచి మరల కదలినచో యజమాని మొదట తన పొలమును చక్కబెట్టుకొనును. వరుసలో కడపట నున్న కౌలుదారునకు ఆ పాటికి పదును ఆరిపోవును. ట్రాక్టరు ఒకనిది, అదను పదిమందిది. అందుచేతనే ఈ విషయము సంఘపత్రికలో చర్చింపదగినదని మేము తలంచుచున్నాము.

సాధారణముగ జరుగునది ఎట్టిదో సభ్యులెరుగనిది కాదు. బండి నడవలేదనగానే నలుగురు చేరుదురు. ఒకరు బ్యాటరీ పోయినదందురు. వేరొకరు సెల్ఫు బలహీనపడినదందురు. మూడవవారు పంపు పాడైనదని తేల్చివేయుదురు. ముగ్గురిలో ఎవరి గొంతు పెద్దదైన వారి మాటయే నెగ్గును. కొత్త బ్యాటరీ వచ్చును, ఇంజను నడవదు. సెల్ఫు విప్పి పట్టణమునకు పంపుదురు. తిరిగి వచ్చి బిగించినను నడవదు. తుదకు డీజిలు పంపును ఊడదీసి గోనెసంచిలో చుట్టి బస్సెక్కించుదురు. అది వచ్చులోపల నేల గట్టిపడును. ఇంత జరిగిన పిమ్మట ఫిల్టరుకడ అరిగిపోయిన చిన్న వాషరు గుండ గాలి చొరబడుచున్నదని ఎవరో కనిపెట్టుదురు. గోటితో పోవుదానికి గొడ్డలి యన్నట్లు, పదుల రూపాయలతో తీరు పనికి వేల రూపాయలును, వానిని మించిన అదనును ఖర్చగును.

ఇట్టి నష్టము తప్పవలెనన్నచో మనము ఒక్క నియమమును పట్టుకొనవలెనని మా యభిప్రాయము. కారణమును పేరు పెట్టి చెప్పి, ఒక పరీక్షతో చూపగలిగిన పిమ్మటనే భాగమును మార్చవలెను. అంతవరకు ఒక్క రూపాయియైనను భాగముల మీద వెచ్చింపరాదు. ఈ నియమము సులభముగ కనిపించును గాని, దీనిని పాటించుటకు రైతు కొంత తెలిసికొనవలసి యున్నది, సంఘము కొంత చేయవలసి యున్నది. ఆ రెంటిని గూర్చియే ఈ వ్యాసము.

మొదట ఇంజను స్వభావమును గ్రహింతము. పెట్రోలు బండిలో ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించి మంట వెలిగించును. జర్మను ఇంజనీరగు రుడాల్ఫు డీజిలు 1897లో నడిపి చూపిన యంత్రమునందు రవ్వ యుండదు. అందు గాలిని సిలిండరులో పదునారు మొదలు ఇరువది వంతుల వరకు అదిమివేయుదురు. ఆ యొత్తిడికి గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి కాగును. ఆ కాగిన గాలిలోనికి నాజిలు గుండ డీజిలును మంచు తుంపరవలె చిమ్మగా దానంతట నదియే మండును. కాబట్టి డీజిలు ఇంజను నడచుటకు కావలసినవి నాలుగే: చాలినంత వేగముతో త్రిప్పుట, గాలి, ఆ గాలికి తగిన ఒత్తిడి, సకాలమున శుభ్రమగు డీజిలు. నడవని ప్రతి యింజనునందును ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లోపించియే యుండును. ఐదవ కారణమును వెదకనక్కరలేదు.

మన పల్లెలలోని పాత ట్రాక్టర్లకు ఈ విచారణ మిక్కిలి తగియున్నది. 2023 జనవరినుండి 50 అశ్వశక్తులకు మించిన కొత్త ట్రాక్టర్లకు పొగ నియమములు కఠినమైనవి. అట్టివానిలో డీజిలును కంప్యూటరు కొలిచి పంపు ఏర్పాట్లు వచ్చినవి. వానిని పరీక్షించుటకు కంపెనీవారి సాధనములు కావలెను. కాని అంతకు పూర్వపు బండ్లలో డీజిలు పోవు త్రోవ యంతయు కంటికి కనిపించును, చేతికి అందును. ట్యాంకు, కొళాయి, నీరు నిలుచు గాజుగిన్నె, ఫీడు పంపు, ఫిల్టర్లు, పెద్ద పంపు, సన్నని ఇనుప గొట్టములు, నాజిళ్లు: ఇదియే ఆ త్రోవ. పొలములో నీరు ఎక్కడ తెగినదో కాలువ వెంట నడచి కనుగొను రైతునకు ఈ త్రోవ వెంట నడచుట కష్టము కానేరదు.

పానా పట్టుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: ఈ జబ్బు హఠాత్తుగ వచ్చినదా, మెల్లమెల్లగ ముదిరినదా? నిన్న సాయంత్రము చక్కగ నడచి నేటి యుదయమున మొండికేసినచో అది సాధారణముగ డీజిలు త్రోవలోని అడ్డు, గాలి, నీరు, లేదా తీగల లోపము. నెలల తరబడి ఒక్కొక్క యుదయము ఎక్కువసేపు సెల్ఫు కొట్టవలసి వచ్చుచు, నూనె త్రాగుట హెచ్చుచు, చివరకు ఆగిపోయినచో అది రింగులు, వాల్వులు అరిగిన జబ్బు కావచ్చును. రెండవది: కడపట ఈ బండికి ఏమి జరిగినది? ఫిల్టరు మార్చిరా? ట్యాంకు పూర్తిగ ఎండువరకు నడిపిరా? కొత్త డ్రమ్ములోని డీజిలు పోసిరా? నెలలకొలది కొట్టమునందుంచగా ఎలుకలు తీగలు కొరికినవా? ఈ ప్రశ్నలకు ఉత్తరము మెకానిక్కునకు తెలియదు, రైతునకే తెలియును. రోగి చెప్పనిదే వైద్యుడేమి చేయును?

ప్రాణభద్రతను గూర్చి రెండు మాటలు ఇచ్చట చెప్పక తప్పదు. గేరు న్యూట్రలులో నుంచి, బ్రేకు బిగించి, చక్రములకు రాళ్లు వేసిన పిమ్మటనే పరీక్ష మొదలు పెట్టవలెను. సీటుమీద కూర్చుండి తాళముతోనే సెల్ఫు కొట్టవలెను గాని, నేలమీద నిలుచుండి స్క్రూడ్రైవరుతో సెల్ఫు మరలను కలిపి రవ్వలు లేపు అలవాటును మానివేయవలెను. గేరు పడియున్న బండి అట్లు కదలినచో పెద్దచక్రము త్రోవలో నిలిచియుండునది ఆ మనిషియే. అదను పోయినచో మరుసటి యేడు వచ్చును; మనిషి తిరిగి రాడు.

ఇక పరీక్ష. మొదటిది వేగము. సెల్ఫు తిరుగుచున్నదనుట చాలదు; చురుకుగ తిరుగుచున్నదా యని చెవియొగ్గి వినవలెను. ఈడ్చుచు తిరిగినచో గాలి చాలినంత కాగదు; డీజిలు అందినను మండదు. అప్పుడు కొత్త బ్యాటరీకై పరుగెత్తుటకు ముందు దాని కొనలపై పట్టిన తెల్లని చిలుమును సోడాకలిపిన వేడినీటితో కడిగి, పొడిగా తుడిచి, బిగించి చూడవలెను. ఇంజను శరీరమునకు కట్టిన ఎర్తు తీగను కూడ విప్పి గీకి బిగించవలెను. నిండుగ చార్జియైన 12 వోల్టుల బ్యాటరీ ఊరకున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. సెల్ఫు కొట్టునప్పుడు తొమ్మిదిన్నరకు దిగువగ పడినచో అది బలహీనమని గాని, సెల్ఫు ఎక్కువ కరెంటు త్రాగుచున్నదని గాని తెలియును. ఒక్కసారికి పది పదునైదు సెకండ్లకు మించి సెల్ఫు కొట్టరాదు. ఒకటి రెండు నిమిషములు విరామమీయవలెను. పట్టుదలతో కొట్టుచుండినచో అంతవరకు బాగుగనున్న సెల్ఫు కాలిపోయి ఒక జబ్బు రెండగును.

సెల్ఫు చురుకుగనే తిరుగుచున్నచో రెండవ పరీక్ష పొగ. ఒకరు సెల్ఫు కొట్టుచుండగా మరియొకరు సైలెన్సరు కొనను కనిపెట్టవలెను. దీనికి పైసా ఖర్చు లేదు. కాని మా యెరుకలో ఇంతటి మేలైన పరీక్ష మరియొకటి లేదు. పొగ బొత్తిగ రానిచో డీజిలు సిలిండరునకు అందుట లేదు. డీజిలు వాసనతో తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు అందుచున్నది గాని మండుట లేదు. నల్లని పొగ వచ్చుచు ఇంజను పట్టీపట్టక పోవుచున్నచో చాలినంత గాలి లేదు. గాలి ఫిల్టరు మూసుకొనిపోయినదేమో విప్పి చూడవలెను. ఈ ఒక్క చూపుతో సగము అనుమానములు తొలగిపోవును. పొగ రాని బండికి ఇంజను పని చేయించుటయు, తెల్లపొగ వచ్చు బండికి ఫీడు పంపు మార్చుటయు రోగమొకటి మందొకటి కాదా?

పొగ రానిచో ట్యాంకునుండి నాజిలు వరకు వరుసగ నడవవలెను. ట్యాంకులో డీజిలున్నదా? ముల్లు చూపునది నమ్మక పుల్ల పెట్టి చూడుడు. కొళాయి తెరచియున్నదా? ట్యాంకు మూతకుండు సన్నని గాలి రంధ్రము మట్టితో మూసుకొనలేదు గదా? అది మూసుకొన్నచో డీజిలు క్రిందికి జారదు. మూత సడలించి చూచిన వెంటనే తెలియును. పిమ్మట స్టాపు వైరు. ఇంజను ఆపుటకు లాగిన నాబు లోనికి పోయినను, త్రుప్పు పట్టిన తీగ బిగుసుకొని పంపుకడ మీట వెనుకకు రాకుండుట పాత బండ్లలో కద్దు. మీటను చేతితో జరిపి చూడవలెను. కొన్ని బండ్లలో తీగకు మారుగ కరెంటుతో పనిచేయు బిళ్ల పంపు మీద నుండును. తాళము త్రిప్పినప్పుడు అది టక్కుమనవలెను. అనలేదా, దానికి కరెంటు వచ్చుచున్నదో లేదో చూడవలెను. ఇంతవరకు ఒక్క భాగమునైనను విప్పలేదని సభ్యులు గమనింతురు గాక.

ఇవి యన్నియు సరిగానున్నచో గాలి తీయవలెను. డీజిలు త్రోవలో గాలి చేరినచో పంపు ఆ గాలిని అదుముచు వదలుచు నుండునే గాని నాజిలు తెరచుకొనుటకు వలయు ఒత్తిడి పుట్టదు. ఆ యొత్తిడి సామాన్యము కాదు. పాత ట్రాక్టర్లలో పెక్కింటికి చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోలు. గాలి తీయుట కిది క్రమము: ఫిల్టరు మీది చిన్న మరను సడలించి, ఫీడు పంపునకున్న చేతిమీటను కొట్టుచుండవలెను. మొదట నురుగు, బుడగలు వచ్చును. బుడగ లేని డీజిలు ధారగ వచ్చిన పిమ్మట మర బిగించవలెను. తరువాత పెద్ద పంపు మీది మరకడ అట్లే చేయవలెను. తుదకు నాజిళ్లకడ సన్నగొట్టముల నట్లను ఒక చుట్టు సడలించి, యాక్సిలరేటరు లివరును పూర్తిగ తెరచి సెల్ఫు కొట్టగా డీజిలు చిమ్మును. అప్పుడు నట్లు బిగించవలెను. ఆ చిమ్ము ధారకు చేయి గాని ముఖము గాని అడ్డుపెట్టరాదు. అంతటి ఒత్తిడిగల డీజిలు చర్మమును చీల్చి లోనికి దూరును. పైకి సూదిపోటువలె కనిపించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలసిన గాయమది.

చేతిమీట ఎంత కొట్టినను డీజిలు రానిచో అడ్డు ట్యాంకునకును ఫీడు పంపునకును నడుమ నున్నది, లేదా ఫీడు పంపు చెడినది. ఫిల్టరు వరకు వచ్చి అవతల రానిచో ఫిల్టరు మూసుకొన్నది. పంపు వరకు ధారాళముగ వచ్చి, స్టాపు మీట సరిగ నుండి, గాలి తీసిన పిమ్మటను నాజిలు గొట్టములలో చుక్కయైన రానిచో, అప్పుడు, అప్పుడు మాత్రమే, పెద్ద పంపును అనుమానింపవలెను.

గాలి తీసినంతనే బండి నడచి, మరునాటి యుదయమున మరల మొండికేసినచో గాలి ఎక్కడనో చొరబడుచున్నదని యర్థము. ఇందొక మోసము కలదు. ట్యాంకునకు ఫీడు పంపునకు నడుమ త్రోవలో డీజిలును పంపు పీల్చుకొనుచుండును. అచ్చటి పగులునుండి గాలి లోనికి పోవునే గాని డీజిలు వెలుపలికి కారకపోవచ్చును. కాబట్టి తడి లేదు గనుక లోపము లేదనుకొనరాదు. పగిలిన రబ్బరు గొట్టములను, పలుమారు బిగించి అణగిపోయిన వాషర్లను మార్చవలెను. అనుమానము తీరుటకు చవుకయగు పరీక్ష ఒకటి కలదు. శుభ్రమగు డబ్బాలో డీజిలు పోసి ఇంజనుకన్న ఎత్తుగ కట్టి, అవతలికి కనిపించు ప్లాస్టికు గొట్టముతో నేరుగ ఫీడు పంపునకు కలిపి గాలి తీసి చూడుడు. బండి నడచినచో దోషము ట్యాంకు వైపున నున్నదని రుజువైనది, పంపు నిర్దోషి.

నీటిని గూర్చి వేరుగ చెప్పవలెను. సగము నిండిన డ్రమ్ములోను ట్యాంకులోను రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమ చెమ్మయై గోడలమీద పట్టి అడుగునకు దిగును. వానకాలమున డ్రమ్ము మూతమీద నిలిచిన నీరు కూడ మెల్లగ లోనికి జారును. నీరున్నచోట మురుగు జిగట పెరిగి ఫిల్టరును కప్పివేయును. గాజుగిన్నెలోని ద్రవమును సీసాలో పట్టి అరగంట కదపక యుంచినచో నీరు అడుగున వేరుపడి కనిపించును. పని ముగిసిన సాయంత్రమే ట్యాంకు నింపుట, డ్రమ్మును నీడలో ఏటవాలుగ నుంచుట, అడుగు డీజిలును తోడకుండుట అను మూడు అలవాట్లు ఈ జబ్బును చాలవరకు రానీయవు.

తెల్లపొగ వచ్చుచు ఇంజను నడవనిచో విచారణ వేరు. సెల్ఫు వేగము చాలదా, డీజిలులో నీరున్నదా, చలికాలపు ఉదయమున హీటరు ప్లగ్గు గల బండ్లలో అది కాగుచున్నదా యని మొదట చూడవలెను. అవి సరియైనచో ఒత్తిడిని గేజుతో కొలువవలెను. ఒక్క సిలిండరు తగ్గినదా, అన్నియు తగ్గినవా యని అంకెలే చెప్పును. నాజిళ్లు చిమ్ముటకు మారుగ కారుచున్నవేమో పరీక్షాయంత్రము మీద చూపించవలెను. ఈ పనులు మెకానిక్కువి. రైతు తాను చేయదగినవి కావు. కాని గేజు అంకె చూడనిదే ఇంజను విప్పుటకు ఒప్పుకొనకుండుట రైతు హక్కు.

చేయరాని పనులు కూడ కొన్ని కలవు. కిరోసినులో తడిపిన గుడ్డను వెలిగించి గాలి గొట్టముకడ పట్టుట, ఈథరు స్ప్రే కొట్టుట కొన్నిచోట్ల అలవాటు. మంట గాలి ఫిల్టరు నంటుకొనవచ్చును. ఈథరు అకాలమున ప్రేలి రింగులను, పిస్టనులను విరువగలదు. హీటరు ప్లగ్గు కాగియున్నప్పుడు అది మరియు ప్రమాదము. మరియొక బండితో లాగించుట వలన డీజిలు అందని ఇంజనునకు డీజిలు అందదు. ఇక వరదనీట మునిగిన బండి సంగతి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలు మునిగినప్పుడు ఎన్నో వాహనములు నీట నిలిచినవి. అట్టి బండిని లాగించుటయు సెల్ఫు కొట్టుటయు కూడదు. నీరు గాలివలె అణగదు. సిలిండరులో చేరిన నీటిమీదికి పిస్టను పోయినచో కనెక్టింగు రాడ్డు వంగును. నాజిళ్లు విప్పి, నీరు వెడలించి, నూనె మార్చిన పిమ్మటనే త్రిప్పవలెను.

పెద్ద పంపును కడపటికి ఉంచుడని మేము నొక్కి చెప్పుటకు ధర ఒక్కటియే కారణము కాదు. ఆ పంపును ఇంజను చక్రములతో గుర్తులు కలిపి బిగించుదురు. గుర్తు తప్పించి బిగించినచో డీజిలు అకాలమున చిమ్మి, అంతకు పూర్వము లేని జబ్బు పుట్టును. దానిలోని భాగముల నడుమ సందు వెంట్రుకకన్న మిక్కిలి సన్ననిది. కొట్టపు ధూళిలో విప్పిన పంపునకు ఆ ధూళియే శత్రువు. అక్కరలేక చేసిన ప్రతి మరమ్మతు మరియొక మరమ్మతునకు విత్తనము.

ఇట్లు వ్రాసినందుకు మెకానిక్కులమీద నింద మోపుచున్నామని ఎవరును తలంపరాదు. ఎండలో నేలమీద పరుండి మసిపూసికొని మన బండ్లను నిలుపుచున్నవారు వారే. లోపము మన బేరములోనే యున్నది. భాగము మార్చినచో మనము డబ్బిత్తుము. గంటసేపు పరీక్షించి ఒక వాషరు వేసి బాగుచేసినచో ‘ఇంతమాత్రమునకు కూలి యేమి’ అందుము. తెలివికి విలువ కట్టక వస్తువునకే విలువ కట్టుచున్నచో, వస్తువు అమ్ముట వైపునకు పని మొగ్గుటలో ఆశ్చర్యమేమి? కారణము కనుగొన్నందుకు వేరుగ కూలి ఈయనంతకాలము మనము కారణమును అడుగు హక్కును పోగొట్టుకొనుచున్నామని మా దృఢాభిప్రాయము.

పాత బండిని అమ్మి కొత్తది కొనుడని మరికొందరు చెప్పుదురు. రింగులు, వాల్వులు, పంపు అన్నియు అరిగి, మరమ్మతు ఖర్చు బండి విలువను మించునప్పుడు ఆ మాట న్యాయమే. కాని అది గేజు అంకెలు చూచి నిదానముగ చేయవలసిన నిర్ణయము. తొలకరినాడు విసుగుతో అమ్మినవానికి ధర రాదు. తొందరతో కొన్నవానికి వాయిదాల భారము తప్పదు. పైగా ట్యాంకులో నీరు చేరినచో కొత్త బండియు నిలిచిపోవును. యజమాని అలవాట్లు మారక బండి మారినందున ప్రయోజనము కొంతయే.

కాగా సంఘము చేయదగిన పనులను పాలకవర్గమువారి యెదుట నుంచుచున్నాము. మొదటిది: ఒక వోల్టు మీటరు, ఒక హైడ్రోమీటరు, డీజిలు ఇంజనుకు తగిన ఒత్తిడి గేజు, పైన చెప్పిన డబ్బా గొట్టము, ఇవి సంఘ కార్యాలయమున నుంచి సభ్యులకు ఎరువు ఈయవలెను. ఒక్కొక్కరు కొనుటకు భారమైనవి పదిమంది కూడినచో భారము కావు. సహకారమన నిదియే గదా. రెండవది: గ్రామమున వాడుకలోనున్న ట్రాక్టర్ల రకములకు వలయు ఫిల్టర్లు, వాషర్లు, రబ్బరు గొట్టములు తొలకరికి ముందే తెచ్చి నిలువ చేయవలెను. మూడవది: పరీక్షకు ఒక నిర్ణీత రుసుమును ఏర్పరచి, కారణమును కాగితముమీద వ్రాసి సంతకము చేయు మెకానిక్కునకు భాగము మార్చినను మార్చకున్నను ఆ రుసుము చెల్లింపవలెను. మార్చినచో పాత భాగమును రైతు చేతికి ఈయవలెను. నాలుగవది: ప్రతి ట్రాక్టరునకు ఒక చీటి యుంచి ఎన్నడు ఫిల్టరు మార్చిరో, ఎన్నడు నూనె పోసిరో, ఎట్టి జబ్బు వచ్చెనో వ్రాయవలెను. ఐదవది: వైశాఖమాసమున ఒకనాడు బండ్లన్నింటిని ఒకచోటికి రప్పించి సెల్ఫు వేగము, పొగ, గాజుగిన్నెలోని నీరు చూడవలెను. ఆనాడు కనిపించిన లోపమును దిద్దుకొనుటకు నెలదినముల వ్యవధి యుండును; మృగశిర కార్తెలో కనిపించినదానికి ఒక్క పూటయైనను ఉండదు.

ఈ పనులలో ఏదియు గొప్ప పెట్టుబడి కోరునది కాదు. కోరునది ఓపిక మాత్రమే: తాళము మరల మరల త్రిప్పు చేతిని ఆపి, దిగి, పొగను చూచు ఓపిక. పైరు పసుపుపచ్చబారినప్పుడు వేరు పెరికి చూడక మందు చల్లువానిని మనము మంచిరైతని యనము. యంత్రము విషయమునను ఆ నీతియే చెల్లును. రాబోవు మహాజనసభలో పరీక్షా రుసుమును గూర్చియు, సాధనముల కొనుగోలును గూర్చియు తీర్మానము ప్రవేశపెట్టవలసినదిగ సభ్యులను కోరుచున్నాము. ట్రాక్టరు గల సభ్యులకన్న, బాడుగకు దున్నించుకొను సభ్యులే ఆ తీర్మానమును ముందుగ బలపరచుదురు గాక. నష్టపోవు పదును వారిదే గనుక.